పండుమిర్చి రంగు

మా ఆయనకి నా కంటే ఆ పాత కారు అంటేనే ఎక్కువ ఇష్టమని నలుగురిలో ఎగతాళిగా అనేదాన్ని. ఎగతాళి పైకి మాత్రమే. అమెరికాలో చాండ్లర్ అనే ఊళ్ళో మేం ఇల్లు కొన్న కొత్తలో, వెనక వీధిలో ఒక పెద్దాయన ఇల్లమ్మేసి వేరే రాష్ట్రంలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నాడు. ఆయన పెరటి పక్కన చిరిగిన కవరు కింద ఏళ్ళ తరబడి పడున్న రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారుని మా ఆయన ట్రక్కు మీద ఎక్కించి తెచ్చి మా గరాజ్‌లో దింపించాడు. డెబ్బైల నాటి జపాన్ బండి. పొడుగాటి ముక్కు, కురచ వీపు. అరిజోనాలో బండికి తుప్పు పట్టదు, ఎండ తినేస్తుంది. దాని ఒంటి మీద రంగు వెల్ల వేసిన గోడలా చేతికి అంటుకుని వచ్చేది. డాష్‌బోర్డు బీటలు వారింది. సీట్లలో ఎలుకలు కాపురం పెట్టి ఖాళీ చేసి వెళ్ళిన ఆనవాళ్ళున్నాయి.

"సవతిని తెస్తే తెచ్చావు, కాస్త చూడ్డానికి బాగుండేదాన్ని తేవద్దూ?" అన్నాను గుమ్మంలో నిలబడి.

"జెర ఓపిక పట్టు. గిదే అద్దం లెక్క అయితది, నువ్వే బొట్టు పెట్టుకుంటవ్ అండ్ల చూస్కుంట."

ఆయనది వరంగల్, నాది రాజమండ్రి. ఇద్దరికీ ఉద్యోగాలు సాఫ్ట్‌వేర్‌లోనే. ఆయన కోడ్ రాసేవాడు, నేను ఇంకో కంపెనీలో అలాంటివాళ్ళు రాసినదాంట్లో తప్పులు వెతుకుతాను. పిల్లలు లేరు. కావాలనుకుని ఆస్పత్రుల చుట్టూ తిరిగి, విసిగి, మానేశాం. ఆ కారు వచ్చింది ఆ మానేసిన ఏడాదే. నేనా సంగతి ఎప్పుడూ పైకి అనలేదు, ఆయనా అనలేదు.

మా గరాజ్‌లో ఒక సగం కారుకి పోయింది. రెండో సగంలో గోడ పక్కన నా గ్యాస్ స్టవ్ ఉండేది. ఇక్కడ మనవాళ్ళ ఇళ్ళు చాలావాటిలో ఈ రెండో వంటిల్లు ఉంటుంది. చేపలు వేయించాలన్నా, గారెలు వండాలన్నా, ఇంగువ పోపు పెట్టాలన్నా లోపల చెయ్యం. కర్టెన్లకీ కార్పెట్లకీ ఆఫీసు బట్టలకీ వాసన పట్టేస్తుందని భయం. లోపల నిగనిగలాడే వంటగది పెట్టుకుని, చెత్తడబ్బాల పక్కన నిలబడి పండగ వంటలు చేసుకునే జాతి మనది. నేనూ తక్కువ తినలేదు.

అబద్ధమెందుకు, ఆ సాయంత్రాలు బాగుండేవి. నేను ఇటు వైపు వంకాయలు వేయిస్తుంటే ఆయన అటు వైపు కారు కింద దూరి కాళ్ళు మాత్రం బయట పెట్టి ఆఫీసు కబుర్లు చెప్పేవాడు. ఇంజన్ విప్పాడు, బిగించాడు, మళ్ళీ విప్పాడు. బ్రేకులు బాగుచేశాడు. మొదటిసారి ఇంజన్ అందుకున్న రోజు బానెట్ కూడా లేకుండానే కాలనీ చుట్టూ తిప్పుకొచ్చాడు. నేను పరుగెత్తుకెళ్ళి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేలోపే బయల్దేరాడు. తిరిగొచ్చాక పెట్టి తొక్కించాం. ముక్కు నిండా నల్ల మరక, నోరు చెవులదాకా సాగదీసి నవ్వు. ఆ మొహాన్ని అంతకు ముందు చాలాకాలంగా నేను చూడలేదు.

ఇంజన్ పని కంటే ఒంటి పనికే ఎక్కువ కాలం పట్టింది. పాత రంగంతా గీకి రేకు తేల్చడం, సొట్టలు పూడ్చడం, పూడ్చినచోట ఉప్పు కాగితంతో రుద్దడం, రంగు కింద పూతగా ప్రైమర్ కొట్టడం, మళ్ళీ రుద్దడం. రుద్దిన ప్రతిసారీ అరచెయ్యి పరిచి రేకు మీద మెల్లగా జరిపేవాడు, కళ్ళు మూసుకుని.

"చూస్తే తెలియదా?" అని అడిగాను ఒకసారి.

"కండ్లకు కనవడది. చెయ్యికే తెలుస్తది."

చెయ్యి జారుకుంటూ పోయి ఎక్కడో ఆగేది. అక్కడ నాకేమీ కనిపించేది కాదు. "మల్ల" అనుకునేవాడు తనలో తాను, కాగితం అందుకునేవాడు. మళ్ళీ జరపడం, మళ్ళీ ఆగడం, మళ్ళీ "మల్ల". వింటున్నకొద్దీ నాకు ఒళ్ళు మండేది. రోజంతా ఆఫీసులో తప్పులు వెతికొచ్చిన దానికి ఇంటికొచ్చాక కూడా అదే పాట. ఎందుకంత చాదస్తం, రంగు వేశాక ఎవడికి కనిపిస్తుంది అంటే, నాకు తెలుస్తది కదా అనేవాడు.

రంగు మాత్రం మొదటి రోజే తేల్చేశాడు. ఫ్యాక్టరీలో వేసిన అసలు రంగే వెయ్యాలట. ఎరుపంటే ఎరుపు కాదు, అలాగని నారింజా కాదు. రంగుల షాపులో చిన్న అట్టముక్క మీద వేసి ఇచ్చారు. చూడగానే మా అమ్మమ్మ డాబా మీద ఆరబోసిన పండుమిరపకాయలు గుర్తొచ్చి నోట్లో నీళ్ళూరాయి. అప్పట్నుంచీ మా ఇంట్లో దాని పేరు పండుమిర్చి.

ఆ వేసవిలో ఆయన చేతిలోంచి రెంచీలు జారిపడటం మొదలైంది. తర్వాత కాఫీ కప్పు. చొక్కా గుండీలు నేను పెట్టాల్సి వచ్చింది. ఇంత కాలం మౌస్ పట్టుకుని పట్టుకుని మణికట్టు పాడైందనుకున్నాం. రాత్రిళ్ళు పట్టీ కట్టుకుని పడుకునేవాడు. మొదట చూసిన డాక్టరు కూడా అందరికీ వచ్చేదే అన్నాడు. పట్టీతో తగ్గలేదు. కండల్లోకి సూదులు గుచ్చి చేసే పరీక్ష చేశారు. చివరికి నరాల డాక్టరు మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి చెప్పింది. కండరాల్ని కదిలించే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోయే జబ్బు. చేతులు, కాళ్ళు, మాట, మింగుడు, చివరికి ఊపిరి. వెనక్కి తిప్పే మందు లేదు. "స్పర్శ మాత్రం పోదు," అందావిడ, అదేదో మంచి కబురైనట్టు. నాకావిడ మీద పిచ్చి కోపం వచ్చింది. కదలని చేతికి స్పర్శ ఉంటే ఎంత, ఊడితే ఎంత అనిపించింది.

పార్కింగ్‌లో కారెక్కి ఇద్దరం చాలాసేపు ఏసీ వేసుకుని కూర్చున్నాం. ఆయన తన కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని ఎవరిదో చూస్తున్నట్టు చూశాడు.

"చేతులు పోకముందే రంగు వెయ్యాలె," అన్నాడు. "నేనే వెయ్యాలె."

"ఇప్పుడు రంగు గొడవేంటి?" అని అరిచాను. అరిచి ఏడ్చాను. ఆయన ఏడవలేదు. అప్పట్నుంచీ ఆయనకి మిగిలిన కోరిక అదొక్కటే. ఇండియా వెళ్దామన్నా వద్దన్నాడు, ఇంకో డాక్టరుకి చూపిద్దామన్నా వద్దన్నాడు. ఆఫీసు మానేశాడు. నాకు విడిగా ఉద్యోగ వీసా ఉంది కాబట్టి ఆయన్ని దేశంలో ఉండనిచ్చారు.

మా ఊళ్ళో వేసవిలో రంగు వెయ్యడం కుదరదు. రంగు చిమ్మే గన్‌లోంచి వచ్చింది రేకుని తాకేలోపే గాలిలో ఎండిపోతుంది. ఆ పైన దుమ్ము తుఫాన్లు. చలికాలం దాకా ఆగాల్సిందే. ఆ ఆగిన నెలల్లో ఆయన ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని ప్రైమర్ పని పూర్తిచేశాడు. కారు చుట్టూ పైకప్పు నుంచి నేల దాకా ప్లాస్టిక్ షీట్లు వేలాడదీసి గుడారం కట్టాడు. గుడారానికి ఒక వైపు గాలి లోపలికి రావడానికి ఫిల్టర్లు, ఇంకో వైపు ఆ గాలిని లాగి గరాజ్ తలుపు కింద నుంచి బయటికి తోలే పెద్ద ఫ్యాన్. దుమ్ము రేణువు కూడా రంగు మీద వాలకూడదని.

కార్తీకమాసం వచ్చింది. మూడిళ్ళ అవతల ఉండే గుంటూరు అక్క, మా వాళ్ళందరిలో పెద్ద, ఆయన ఆరోగ్యం కోసం మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేయించాలని పట్టుబట్టింది. ఆయనకి ఇలాంటివాటి మీద పెద్ద నమ్మకం లేదు. "ఆమె మనసుకు మంచిగుంటది, చేసుకోనియ్" అన్నాడు. అక్క తెల్లారకుండానే నలుగురు ఆడవాళ్ళని వెంటేసుకుని వచ్చేసింది. "నువ్వూ ఆయనా పీటల మీద కూర్చోండమ్మాయ్, వంట సంగతి మాకొదిలెయ్" అంది.

పంతులుగారు ఆచమనం చెయ్యమంటే ఆయన చేతిలో ఉద్ధరిణి నిలవలేదు. నీళ్ళు పంచె మీద ఒలికాయి. నేను కింద నుంచి మణికట్టు పట్టుకుని ఎత్తాను. అక్షింతలు వెయ్యడానికీ అంతే. ఆయన చెయ్యి, నా బలం. చుట్టూ కూర్చున్నవాళ్ళు చూడనట్టు నటించారు. ఆ నటన కంటే తేరిపార చూసినా బాగుండేది.

మేం లోపల కథ వింటుంటే అక్కావాళ్ళు గరాజ్‌లో బూరెలూ గారెలూ వండారు. ఊరంతటికీ సరిపడా వండారు. గరాజ్ తలుపు పూర్తిగా తీస్తే వీధిలో వాళ్ళు ఏమంటారోనని కాస్తే ఎత్తారు. పొగ కమ్మేసింది. అక్క చుట్టూ చూసి, గుడారానికి ఆయన పెట్టిన పెద్ద ఫ్యాన్ కనిపించి, స్విచ్ వేసింది. పొగంతా ఇట్టే పోయింది. భోజనాల వేళ నేను అక్కడికెళ్ళి, "ఇంత వంట చేస్తే పొగ జాడే లేదేంటక్కా!" అని ఆశ్చర్యపోతే, "ఫ్యానేశానమ్మాయ్, మొత్తం లాగేసింది" అంది సంబరంగా. భలే చేశావన్నాను. ఆ రోజు గారెలు చాలా బాగున్నాయి. ఆయన కూడా నేను తుంచి పెడుతుంటే ఇష్టంగా తిన్నాడు.

ఆ తర్వాతి వారం గాలి లేని రోజు చూసుకుని రంగుకి దిగాడు. ఆ రంగు ఆవిరి ఊపిరితిత్తులకి విషం. అందుకని బయట నుంచి గొట్టం ద్వారా మంచి గాలి వచ్చే మాస్కు పెట్టుకోవాలి. పట్టీలు నేనే బిగించాను. ప్రైమర్ మీద తుడిచే ద్రవంతో కారంతా ఒకసారి తుడిచాడు. గన్‌ని కుడిచేత్తో పట్టుకుని, ట్రిగ్గర్ మీద ఎడమచేతి వేలు పెట్టాడు. నేను ప్లాస్టిక్ షీటుకి ఇవతల నిలబడ్డాను.

బానెట్ మీద మొదటి వరస పడింది. పండుమిర్చి. బూడిద రంగు ప్రైమర్ మీద ఆ ఎరుపు తడితడిగా మెరిసింది. ఆయన చెయ్యి వణకలేదు. ఒక వరస మీద సగం కప్పుతూ రెండో వరస, దాని మీద సగం మూడోది. తలుపు అయింది, పైకప్పు అయింది. అంతలో బానెట్ మీద ఏదో కదిలినట్టనిపించింది. పెనం మీద అట్టుకి చిల్లులు పడతాయే, అలా తడి రంగులో చిన్న చిన్న గుంటలు విచ్చుకుంటున్నాయి. ఒక్కొక్క గుంట అడుగున ప్రైమర్ కనిపిస్తోంది. చూస్తుండగానే తలుపు మీద, పైకప్పు మీద, అన్ని చోట్లా.

ఆయనా చూశాడు. ఇంకో పొర కొట్టాడు. గుంటలు పూడలేదు, ఇంకా పెద్దవయ్యాయి. ఆగిపోయాడు. ఆగాడు గానీ వేలు ట్రిగ్గర్ మీద నుంచి రాలేదు, అలాగే బిగుసుకుపోయింది. గన్ ఒకే చోట రంగు కక్కుతూ ఉంది, అది తలుపు మీంచి ధారగా నేల మీదికి కారుతోంది. నేను కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని లోపలికెళ్ళి ఆయన వేళ్ళని ఒక్కొక్కటే విప్పాను. వేళ్ళు చల్లగా ఉన్నాయి.

ఎందుకలా అయిందో సాయంత్రానికి తెలిసింది. ఫ్యాన్ పక్కన స్టూలు మీద కూలబడి ఉన్నవాడు వేలి వెనక భాగంతో ఫ్యాన్ రెక్కని రుద్దాడు. ఆ వేలిని నా ముక్కు దగ్గరికి తెచ్చాడు. జిగురు. గారెల వాసన.

నూనె ఆవిరి. ఫిల్టర్లు దుమ్మునాపుతాయి గానీ నూనె ఆవిరిని ఆపలేవు. వంట పొగనంతా ఆ ఫ్యాన్ గుడారంలోంచి, కారు మీంచి లాక్కుంటూ బయటికి పంపింది. ప్రైమర్ దాన్ని పీల్చుకుని కూర్చుంది. పైపైన ఒక్క తుడుపుతో పోయేది కాదు. చేతిలో సత్తువ ఉంటే ఆయన నాలుగు తుడుపులు తుడిచేవాడు. నూనె తగిలినచోట రంగు నిలవదు. ఆయన ప్రాణం నిలవాలని చేసిన వ్రతం ఆయన రంగుని నిలవనివ్వలేదు.

ఆయనకి నవ్వొచ్చింది. దగ్గొచ్చేదాకా నవ్వాడు. నాకు మాత్రం కోపం ఆగలేదు. చెప్పులేసుకుని అక్క ఇంటికి బయల్దేరాను, నాలుగు దులిపేద్దామని.

"యాడికి? పోకు," అన్నాడు వెనక నుంచి.

"ఆవిణ్ణి ఎవరు వెయ్యమన్నారు ఆ ఫ్యాను? అడగొద్దా నన్ను?"

"నా పానం కోసం చేసిన్రు. నువ్వు చెప్తే ఆమె బతికినన్ని రోజులు మర్చిపోతదా? చెప్పకు. ఒట్టు."

చెప్పలేదు. ఆ కోపం తీర్చుకోవడానికి గరాజ్ స్టవ్ గ్యాస్ పైపు ఊడబీకి మూలన పారేశాను. ఆ రోజు నుంచి పోపులు ఇంట్లోనే పెట్టాను. కర్టెన్లు ఏమైపోతే నాకేం. అక్క మాత్రం ఏమీ తెలియక వారం వారం డబ్బాలో ఏదో ఒకటి తెచ్చేది. తినిపిస్తూ ఆయన నవ్వు మొహం చూసి సంతోషపడేది.

ఇలాగే ఉంచేద్దామన్నాను నేను. గుంటలున్నా సరే, నీ చేత్తో వేసింది, ఈ పైన నువ్వు వెయ్యలేవు కదా అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చేసింది. ఆయన కారు వైపే చూస్తున్నాడు.

"తీసెయ్ అంత," అన్నాడు.

"తీసెయ్యను."

"గిది నా చేతిపని అని ఎవడన్న చూస్తే నాకు సిగ్గు. తీసెయ్. నీతోనైతది. నేను చెప్త, నువ్వు చెయ్యి."

పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన మీద నాకంత కోపం ఎప్పుడూ రాలేదు. ఆయన చేతులు ఈ లోకంలో చేసిన ఆఖరి పని అది. దాన్ని నా చేతులతో గీకి పారబొయ్యమంటున్నాడు. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు బకెట్‌లో నీళ్ళు పట్టి అందులో ఉప్పు కాగితాలు నానబెట్టాను.

ఆ చలికాలమంతా ఆఫీసయ్యాక అదే పని. కాగితం చెక్కముక్కకి చుట్టి, నీళ్ళు పోసుకుంటూ రుద్దడం. బకెట్‌లో నీళ్ళు దిష్టి తీసిన ఎర్రనీళ్ళలా అయ్యేవి. వాటిని పారబోసి మళ్ళీ పట్టేదాన్ని. ఆయన మొదట మామూలు కుర్చీలో, తర్వాత చక్రాల కుర్చీలో పక్కనే ఉండేవాడు. ఒక భాగం అయిందనుకోగానే ఆయన చేతిని ఎత్తి రేకు మీద పరిచి, మణికట్టు పట్టుకుని మెల్లగా జరిపేదాన్ని. కండ పోయినా ఆ చెయ్యి ఎంత బరువుండేదో. కళ్ళు మూసుకునేవాడు. స్పర్శ పోదని డాక్టరు అన్నది ఇందుకని అప్పుడర్థమైంది. తనంతట తాను ఆగే సత్తువ ఆ చేతికి లేదు కాబట్టి, తేడా తగలగానే ఆయన కళ్ళు తెరిచేవాడు. అంటే ఆగమని.

"మల్ల."

"ఏముందక్కడ? ఏమీ లేదు!"

"ఉన్నది. మల్ల."

నా వేలికి ఏమీ తగిలేది కాదు. తిట్టుకుంటూ రుద్దేదాన్ని. పోనుపోను నా వేలికీ తగలడం మొదలైంది. పోనుపోను ఆయన మాట ముద్దయింది. ఫోన్‌లో వాళ్ళమ్మ అర్థం కాక నన్నడిగేది, ఏమంటున్నాడే అని. ఇంట్లో నేనొక్కదాన్నే ఆయన మాటలన్నీ పోల్చుకునేదాన్ని. చివరికి స్పష్టంగా మిగిలింది ఆ "మల్ల" ఒక్కటే, అదీ సగమే.

నిజం చెప్పాలంటే ఆ పని తొందరగా అయిపోకూడదనే ఉండేది నాకు. మంచం మీద ఒళ్ళు తుడవడానికీ పక్కకి తిప్పడానికీ ఆయన్ని పట్టుకోవడం వేరు, అది నర్సు పని. రేకు మీద ఆయన చేతిని జరుపుతున్నప్పుడు మాత్రం మేం మొగుడూ పెళ్ళాల్లా ఉండేవాళ్ళం. పోట్లాడుకునేవాళ్ళం కూడా. నువ్వు పోయాక దీన్ని తుక్కుకి వేసేస్తానని బెదిరించాను ఒకసారి. చాలాసేపు కూడబలుక్కుని అన్నాడు, "అమ్ముకో... రంగు వేసినంక."

మళ్ళీ ప్రైమర్ కొట్టాను, మళ్ళీ రుద్దాను. ఎండలు ముదిరేలోపు రంగు వెయ్యాలి. ఆయన అప్పటికే మొహానికి ఊపిరి మిషను పెట్టుకుని పడుకుంటున్నాడు. ముందు ఎండలొస్తాయో, ముందు ఏం జరుగుతుందో అనే భయంతోనే నిద్ర లేచేదాన్ని.

ఏప్రిల్లో ఒక శనివారం పొద్దున చెట్టు ఆకు కదలడం లేదు. కాలనీలో మా తెలుగువాళ్ళ పిల్లాడొకడికి నర్సింగ్ తెలుసు, అతన్ని ఆయన దగ్గర కూర్చోబెట్టాను. గరాజ్‌లోకి ఆయన్ని రానివ్వకూడదు, ఆ ఆవిరికి ఆ ఊపిరితిత్తులు తట్టుకోవు. ఆయన మాస్కు నా మొహానికి పెద్దదైంది, పట్టీలు చివరి రంధ్రం దాకా లాగాను. లోపల ఇంకా ఆయన షేవింగ్ క్రీమ్ వాసన ఉంది. తుడిచే ద్రవంతో కారుని ఒకటికి నాలుగుసార్లు తుడిచాను. తడిగుడ్డతో ఇల్లు తుడుస్తున్నట్టనుకో, ఒక వరస మీద సగం ఇంకో వరస, చెయ్యి ఆపకు అని చెప్పి ఉంచాడు మాట ఉన్నప్పుడే. అలాగే వేశాను. వేసి నిలబడి గుంటల కోసం చూశాను. ఒక్క గుంట పడలేదు. డ్రైవరు వైపు తలుపు దగ్గర గొట్టం కాలికి చుట్టుకుని ఒక క్షణం చెయ్యి ఆగింది, అంతే. పైన మెరుపు కోసం రంగులేని క్లియర్ పూత కూడా కొట్టి బయటికొచ్చి, డ్రైవ్‌వే మీద కూర్చుని మాస్కులోనే భోరున ఏడ్చాను. కుక్కని తిప్పుతున్న ఎదురింటాయన ఏమైందో అడుగుదామా వద్దా అని ఆగి, వెళ్ళిపోయాడు.

రంగు గట్టిపడనిచ్చి, వాసన పోయాక, గరాజ్ తలుపు బార్లా తెరిచి ఆయన్ని చక్రాల కుర్చీలో తీసుకొచ్చాను. చాలాసేపు చూశాడు. కారులో మా ఇద్దరి నీడలూ కనిపిస్తున్నాయి. అద్దంలాగే ఉంది. నేను వేలు తడుపుకుని నా బొట్టు సర్దుకున్నట్టు నటించాను. ఆయన మొహంలో కదిలేవి కళ్ళే, అవి నవ్వాయి.

తర్వాత చెయ్యి ఎత్తి పెట్టాను. బానెట్ మీద జరిపాను, కళ్ళు మూసుకునే ఉన్నాడు. పైకప్పు అందలేదు. వెనక భాగం, కళ్ళు మూసుకునే ఉన్నాడు. డ్రైవరు వైపు తలుపు, పిడి కింద. కళ్ళు తెరిచాడు.

ఆయన చేతిని పక్కకి తీసి అక్కడ నా బొటనవేలితో చూశాను. పిడి కింద బియ్యపు గింజంత. గొట్టం అడ్డం పడ్డప్పుడు రంగు కాస్త జారి, జారినచోటే గట్టిపడిపోయింది. కంటికి కనిపించదు. ఆయన పెదాలు కదిలాయి. శబ్దం రాలేదు. రానక్కర్లేదు.

"నా వల్ల కాదు పో! నువ్వూ నీ మల్లానూ!" అని గట్టిగా నవ్వేశాను. కళ్ళతోనే చూస్తున్నాడు, వదిలేలా లేడు. "సరే, రేపు ఆదివారం కదా, రేపు తీసేస్తాను. అందాకా బుద్ధిగా ఉండు," అన్నాను. ఆ సాయంత్రమే బకెట్‌లో నీళ్ళు పోసి సన్నరకం కాగితం నానేశాను.

ఆదివారం పొద్దున ఆయనకి ఊపిరి అందలేదు. మిషను పెట్టినా అందలేదు. అంబులెన్స్ వచ్చింది. ఆస్పత్రి నుంచి ఆయన మళ్ళీ ఇంటికి రాలేదు.

కర్మ రోజున గుంటూరు అక్క నానబెట్టి రుబ్బిన మినప్పిండి గిన్నె పట్టుకుని వచ్చింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. ఆ రోజు గారెలు వండాలి కదా. ఎక్కడ వెయ్యమంటావమ్మాయ్, లోపలేనా అని అడిగింది. గరాజ్‌లోనే వెయ్యమన్నాను. మూలన పడున్న పైపు తెచ్చి స్టవ్‌కి నేనే బిగించాను. ప్లాస్టిక్ గుడారం విప్పేసి ఉంది, ఫ్యాన్ మాత్రం అక్కడే ఉంది.

నూనె కాగింది. పొగ లేచింది. అక్క కొంగుతో మొహం తుడుచుకుని, "ఫ్యానెయ్యనా?" అంది.

"వెయ్యక్కా."

గారెలు తిప్పుతూ కారు వైపు చూసింది. "ఎంత బాగా కుదిరిందమ్మా రంగు! పాపం, ఆయనే వేశాడా?"

"ఆయనే," అన్నాను.

బకెట్ తలుపు పక్కనే ఉంది. అందులో కాగితం నాని నాని ముక్కలైపోయింది. ఆ నీళ్ళు పారబోశాను.

కారు అమ్మలేదు. చలికాలంలో ఆఫీసుకి దాంట్లోనే వెళ్తాను. ఎక్కడ ఆపినా ఎవరో ఒకరు చుట్టూ తిరిగి చూసి మెచ్చుకుంటారు. పిడి కింద ఆ బియ్యపు గింజ ఎవరికీ కనిపించలేదు. రుద్దితే అరగంట పని, నాకిప్పుడు ఆ పని బాగా వచ్చు. ఆయన తీసెయ్యమన్నవన్నీ తీసేశాను, ఆయన చేతిపనితో సహా. ఇదొక్కటి తియ్యలేదు. తలుపు తీసినప్పుడల్లా బొటనవేలు దాని మీదికే పోతుంది. మల్ల, అంటాడు. అననీ.